ప్రాక్టికల్స్‌కి ఒక ఏడుపు

చెవి వెనక ఓదార్పు బిళ్ళ అంటించుకుంటే ఎంతటి దుఃఖమైనా సాయంత్రానికల్లా సర్దుకుంటున్న రోజుల్లో, ఇందుమతి కూతురు నిహారిక కౌన్సెలింగులో ఎమ్మే చదువుతోంది. ప్రాక్టికల్ పరీక్షకి నిజంగా ఏడ్చే మనిషిని విద్యార్థులే వెతికి తెచ్చుకోవాలి. ఒకప్పుడు జువాలజీ వాళ్ళకి కప్పలు దొరికినంత సులువుగా వీళ్ళకి మనుషులు దొరకడం లేదు.

అదృష్టం బాగుండి పక్క ఫ్లాటు వరూధినిగారి భర్త పోయారు. ఇందుమతి చారుగిన్నె పట్టుకెళ్ళి, "వదినగారూ, పిల్ల పరీక్షయ్యేదాకా బిళ్ళ పెట్టుకోకండి," అని బతిమాలింది. ఆవిడ మొహమాటస్తురాలు. నెలంతా బిళ్ళ లేకుండానే ఏడ్చింది.

తీరా పరీక్షనాడు యూనివర్సిటీ గదిలో ప్రశాంతంగా కూర్చుంది.

"ఏడుపు రావట్లేదమ్మా. ఈ మధ్య నిద్ర కూడా పడుతోంది," అంది, తప్పు చేసినదానిలా.

ఎగ్జామినర్ ఆవులించాడు. "బాధ లేని మనిషిని తెస్తే ఫెయిలేనమ్మా."

నిహారిక, తోడొచ్చిన తల్లివైపు చూసింది. ఇందుమతి కుర్చీ దగ్గరికి జరుపుకుని వరూధినిగారి చెయ్యి పట్టుకుంది.

"పోన్లెండి వదినగారూ, మనసు కుదుటపడింది, అదే చాలు. ఆ రాత్రి అన్నయ్యగారు మిమ్మల్ని ఎన్నిసార్లు పిలిచారో. గోడవతల మాకే వినపడింది. మీకు నిద్రలో తెలియలేదు కాబోలు."

వరూధినిగారు ముందు నోరు తెరిచింది. ఏడుపు తరవాత వచ్చింది.

ఆ రాత్రి తామంతా పెళ్ళికెళ్ళి ఊళ్ళోనే లేమని నిహారికకి తెలుసు. టిష్యూ అందించి, క్లాసులో నేర్పినంత మెత్తగా అడిగింది.

"చెప్పండి ఆంటీ, ఇప్పుడు మీకేమనిపిస్తోంది?"