ఒక్క కిక్కుకే

బస్సు దిగి వీధి మలుపు తిరగగానే మెకానిక్కు ఉన్నచోటే ఆగిపోయాడు. రెండు కరెంటు స్తంభాల మధ్య ఎర్రగుడ్డ బ్యానరు కట్టి ఉంది. దాని మీద ఒకటే మాట: విజయోత్సవం.

వెనక్కి తిరిగి అదే బస్సెక్కేస్తే బాగుండుననిపించింది. అప్పటికే బ్యాండువాళ్ళు అతన్ని చూసేశారు.

జరిగిందేమిటో అతనికి వెంటనే అర్థమైంది. మొన్న సాయంత్రం మెకానిక్కుల పోటీ సెమీఫైనల్లో నెగ్గగానే భార్యకి "గెలిచాను" అని ఒక్క ముక్క మెసేజ్ పెట్టాడు. ఆ వెంటనే ఫోను చచ్చిపోయింది. చార్జరేమో ఇంట్లోనే ఉండిపోయింది. నిన్న ఫైనల్. ముక్కలు ముక్కలుగా విప్పేసిన బైకు ఇంజన్ని మళ్ళీ బిగించి స్టార్ట్ చేయాలి. ముందు ఎవరి బండి మోగితే వాళ్ళదే కప్పు. అవతలివాడి బండి బుర్రుమంది. ఇతను కిక్కు మీద కిక్కు కొట్టాడు. ఒళ్ళంతా చెమట పట్టిందే తప్ప ఇంజను దగ్గనైనా లేదు. తీరా చూస్తే ప్లగ్గు వైరు తగిలించడం మర్చిపోయాడు. షెడ్డులో నిన్నగాక మొన్న చేరినవాడు కూడా చేయని తప్పు.

సెమీఫైనల్ కబురుని వీళ్ళు ఫైనల్ కబురనుకున్నారన్నమాట. పాపం, వెర్రిబాగులవాళ్ళు.

పోనీ వెళ్ళేటప్పుడు నోరు మూసుకుని వెళ్ళాడా అంటే, అదీ లేదు. "కప్పు లేకుండా ఈ వీధిలో అడుగుపెట్టను" అని అందరూ వింటుండగా కోతలు కోసి మరీ వెళ్ళాడు. ఇప్పుడు నిజం చెబితే రేపటినుంచి ఈ వీధిలో తలెత్తుకుని తిరగలేడు. చెప్పకపోతే రాత్రిళ్ళు నిద్రపట్టదు. కక్కలేక, మింగలేక నిలబడ్డాడు.

షెడ్డు ఓనరు ఎదురొచ్చి మెడలో దండ వేశాడు. తల్లి గబగబా వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"వచ్చేశావా నాన్నా. అంతే చాలు" అంది.

కప్పు ఏదని ఆవిడ అడగలేదు. ఓనరూ అడగలేదు. తన అదృష్టం బాగుందనుకున్నాడు మెకానిక్కు.

భార్యకైనా చెప్పేద్దామని పక్కకి పిలిచాడు. "ఇదిగో, నీతో ఒక మాట చెప్పాలి."

"ముందు ఆ చొక్కా మార్చుకోండి, నిండా గ్రీజే. మాట ఎక్కడికి పోతుంది?" అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ఇక మిగిలింది మాస్టారు. ఎదురింట్లో ఉండే రిటైరైన తెలుగు మాస్టారు. బ్యానరు మీద మాట ఆయనే రాశాడట. ఆయనైతే అర్థం చేసుకుంటాడని దగ్గరికెళ్ళాడు.

"మాస్టారూ, నిజానికి నేను..."

"నిజానికి చాలామందికి ఆ మాటకి అర్థం తెలియదోయ్" అని ఆయన అందుకున్నాడు. "జయం అంటే నెగ్గడం. ముందు 'వి' చేరిస్తే ఇంకాస్త గట్టిగా నెగ్గడం. మరి ఉత్సవంలో 'ఉత్' ఉంది చూశావూ, అది పైకి అని. అంటే సగం మాట నెగ్గినవాడిది, సగం వాణ్ణి పైకి లేపేవాళ్ళది. 'జయ జయ' అని అరిచి అరిచి, అది అరిగిపోయి జేజేలయింది. అరుగుదల బండి టైర్లకే కాదు, మాటలకీ ఉంటుంది."

ఆయన మొదలుపెడితే ఒక పట్టాన ఆపడు. మెకానిక్కు గొంతు తగ్గించి అడిగాడు.

"ఓడిపోయినవాడికి చేస్తే దాన్నేమంటారు మాస్టారూ?"

"దానికి మాట లేదోయ్. నిఘంటువులన్నీ తిరగేసి చూశాను."

పని లేని మనిషికి నిఘంటువులే కాలక్షేపం కాబోలనుకున్నాడు మెకానిక్కు. ఈయనతో కూడా లాభం లేదు.

అందరూ కలిసి అతన్ని బల్ల ఎక్కించారు. చేతికి మైకు ఇచ్చారు. ఇక తప్పదు, చెప్పేయాల్సిందే. గొంతు సవరించుకున్నాడు. అందరి మొహాలూ అతని వైపే ఉన్నాయి.

"ఒక్క కిక్కుకే స్టార్టయి ఉంటుంది కదన్నా?" అని టీకొట్టతను వెనకనుంచి కేకేశాడు.

మెకానిక్కు మైకుని నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఆ... ఒక్క కిక్కుకే" అన్నాడు.

చప్పట్లు మోగాయి. అంతే, ఇక అతనికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. పిస్టను ఎలా దించాడో చెప్పాడు. అవతలివాడు చెమటలు కక్కుతూ కిక్కు మీద కిక్కు కొడుతుంటే తను చేతులు తుడుచుకుంటూ చూశానన్నాడు. "అందరూ ప్లగ్గు వైరు దగ్గరే తడబడతారు. నాకు చెయ్యి వణకనైనా లేదు" అన్నాడు.

ఓనరుకి ఎందుకో దగ్గొచ్చింది. మాస్టారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. తల్లి నేల చూపులు చూస్తూ ఉండిపోయింది. కొడుకు ఘనతకి ఆవిడకి మాట పడిపోయిందనుకున్నాడు మెకానిక్కు. ఆగాల్సిన చోట ఆగినప్పుడల్లా జనం సరిగ్గా చప్పట్లు కొట్టారు. కప్పు గురించి మాత్రం చివరిదాకా ఒక్కరూ నోరెత్తలేదు.

ఆ పూట కడుపునిండా తిని, మంచం మీద వాలాడు. నిద్రపట్టదని భయపడ్డవాడు కాస్తా వాలీవాలగానే కునుకు తీయబోయాడు. చెవిలో పువ్వు పెడితే ఇంత హాయిగా పెట్టించుకునే వీధి లోకంలో ఇంకోటి ఉండదనిపించింది. వాళ్ళ మీద కాస్త జాలి కూడా వేసింది.

నిన్న ఆ ఫైనల్ లైవ్ వచ్చిందని, వీధి వీధంతా పనులు మానుకుని మాస్టారింటి టీవీ ముందు కూర్చుని చివరి కిక్కు దాకా చూసిందని అతనికి ఎవరూ చెప్పలేదు.