కార్కు బంతి

"గట్టి బంతే ఇవ్వండి," అంది ఆమె.

"వద్దు, కార్కుది ఇవ్వండి," అన్నాడు ఆమె భర్త, బస్సు డ్రైవరు.

ఆటవస్తువుల షాపతను భార్యాభర్తలిద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. గాజుబల్ల మీద, కడ్డీలకి గుచ్చిన బొమ్మలతో ఆడే టేబుల్ ఫుట్‌బాల్ బంతులు రకానికి రెండేసి పరిచి ఉన్నాయి. "ఆడేదెవరండీ, పిల్లలా?"

"మేమిద్దరమే. ఈయనకి పక్షవాతమొచ్చి కుడిచెయ్యి మొద్దుబారింది. కడ్డీలు తిప్పుతూ ఉంటే పట్టు వస్తుందన్నాడు డాక్టరు."

"అయితే సార్ అన్నదే రైటమ్మా. ప్లాస్టిక్‌ది తగిలిందంటే తూటాలా దూసుకుపోతుంది. కార్కుది నెమ్మదిగా దొర్లుతుంది, చెప్పిన మాట వింటుంది. చప్పుడూ ఉండదు."

ఆమె ఒక్కో బంతినీ తీసి బల్ల మీద కొట్టి చూస్తోంది. కార్కుది ఉలకలేదు, పలకలేదు. పక్కకి నెట్టేసింది. ప్లాస్టిక్‌ది ఠంగుమంది. "ఇదీ బంతంటే!"

"పసుపా, తెలుపా?" అడిగాడు షాపతను.

"ఏదో ఒకటివ్వండి," అంది ఆమె.

డ్రైవరుకి కోపం రావాలి. రాలేదు. చేతితో పాటు లోపల ఇంకేదో కూడా చచ్చుబడిపోయింది. ఎవరు నవ్వినా, ఎవరు ఏడ్చినా అద్దం అవతల జరుగుతున్నట్టే ఉంటోంది. "రోజూ నన్ను ఓడిస్తే గానీ నీకు ముద్ద దిగదా?" అని మాత్రం అడిగాడు.

"ఇంట్లో కాస్త చప్పుడుండనివ్వండి."

నోరు విప్పని తనని దెప్పుతోందనుకున్నాడు. నీ ఇష్టం అన్నట్టు భుజాలు దించేశాడు. ఆమె గుమ్మం వైపు తిరగ్గానే షాపతను కన్నుగీటి, రెండు కార్కు బంతులు అతని చొక్కా జేబులో జారవిడిచాడు.

రోడ్డు దాటేటప్పుడు ఆమె అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నేనేం పడిపోను, వదులు."

"మీరు పడిపోతారని కాదు," అంది. వదల్లేదు.

ఆ సాయంత్రం గట్టి బంతితోనే ఆడారు. బల్ల చెక్క అంచులకి తగిలి బంతి ఠంగు ఠంగుమంటూ ఉంటే, ఆమె గోల్‌కీపర్ బొమ్మ అదెటు వస్తే అటు ముందే వెళ్లి నిలబడేది. ఒక్కటీ లోపలికి పోనివ్వలేదు. ఎదురొచ్చే లారీలని వెంట్రుకవాసిలో తప్పించి బస్సు నడిపినవాడు, నిమ్మకాయంత బంతిని ఆపలేకపోయాడు. ఓడినందుకు బాధ కూడా వెయ్యలేదు.

మర్నాడు ఆమె తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, బల్లకి అటువైపు నిలబడి కడ్డీలు పట్టుకుంది. "ఊఁ, కానివ్వండి."

ఆటకి ముందు కడ్డీలు కాసేపు అటూ ఇటూ తిప్పి చెయ్యి సాగదీసుకోవడం అతనికి అలవాటు. అలా తిప్పుతూనే, ఎడమచేత్తో జేబులోంచి కార్కు బంతి తీసి బల్ల మధ్యలో పెట్టాడు. ఏమీ అనలేదు. ఆమె తల వంచుకునే ఉంది.

అతను మెల్లగా తోశాడు. బంతి దొర్లుకుంటూ ఆమె బొమ్మల కాళ్ల మధ్యనుంచి తాపీగా వెళ్లింది. ఒక్క బొమ్మా కదల్లేదు. గోలు వెనక గుడ్డసంచిలో పడిపోయింది.

గెలుపు! ఎన్నాళ్లకో గుండెలో ఏదో చిన్నగా కదిలింది. మరుక్షణమే చల్లారిపోయింది. ఆమె ఆడలేదు. వదిలేసింది. నిన్నటిదాకా ఓడించి, ఇవాళ జాలిపడుతోందన్నమాట. ఓటమికన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది.

సరే, ఎంతవరకు వదిలేస్తుందో చూద్దామని, రెండో బంతి తీసి, బల్ల మీదుగా చెయ్యి చాపి, సరిగ్గా ఆమె గోల్‌కీపర్ బొమ్మ కాళ్ల దగ్గరే పెట్టాడు. పసిపిల్లయినా కొట్టగలదు. కొట్టమన్నట్టు కడ్డీలు వదిలేసి చూస్తూ నిలబడ్డాడు.

ఆమె కొట్టలేదు.

చాలా రోజుల తర్వాత మొదటిసారి తలెత్తి భార్య మొహంలోకి చూశాడు. ఆమె చూపు బంతి మీద లేదు, అతని మీదా లేదు. కడ్డీలని బిగించి పట్టుకుని, చెవి కాస్త ఇటు వంచి, ఆటకి సిద్ధంగా నవ్వుతోంది.

"ఏమండీ, చెయ్యి సాగదీసుకోవడం అయిందా? బంతి వెయ్యండి మరి!"