వెనక అంచు

ఫ్యాక్టరీలో పైపు వెనకవైపు రంగు పడలేదని కాంట్రాక్టరు పనిని మూడుసార్లు తిరగ్గొట్టిన ఇన్‌స్పెక్టరు రమణమూర్తి, కొండల మధ్య దామంజోడిలోని కంపెనీ క్వార్టర్లో మెలమైన్ బోర్డుతో అలమర చేయించుకుంటున్నాడు. పైన టేకు గీతలు అచ్చేసిన రకం ఏరి మరీ తెచ్చాడు. టేకు కొనలేక కాదట, ఇదే నాజూకట.

"నాలుగంచులకీ పట్టీ అంటించాల బాబూ," అన్నాడు వడ్రంగి గంగరాజు. "పైకి నున్నగుంది గానీ లోపలంతా రంపంపొట్టే. సెమ్మ తగిల్తే ఉబ్బిపోద్ది."

"ముందువైపు అంటించు, చాలు. వెనక గోడే కదా, ఎవడు చూడొచ్చాడు? నాకు పని నేర్పకు."

గంగరాజు ముందువైపే అంటించి వెళ్లిపోయాడు.

శ్రావణం దాటేసరికి గోడ చెమ్మకి అలమర వెనకంతా ఉబ్బి, పొట్టు రాలింది. తలుపులు మూసుకోవడం మానేశాయి. రమణమూర్తి గంగరాజుని పిలిపించి, క్వార్టర్ల లైనంతా వినేలా దులిపేశాడు.

"ఇదా నీ పనితనం? వెనకవైపు ఇలాగేనా వదిలేది?"

గంగరాజు అలమర వెనక్కి చెయ్యి పోనిచ్చి, గుప్పెడు తడి పొట్టు తీసి అతని ముందు పెట్టాడు.

"ఈ కొండల్లో వాన కూడా మీలాటిదే బాబూ. ముందువైపు సూడదు. ఎనక్కెళ్లి సూస్తాది."