తెల్లి మెడలో బెల్టు

కంచం గోడకు తగిలి కింద పడింది. అన్నం హాలంతా చెదిరింది.

బల్ల కింద నక్కిన తెల్లి బెదిరిపోయి ఈశ్వరమ్మ చెయ్యి కొరికేసింది.

తెల్లి ఆమె పెంపుడు పిల్లి. ఏడాది కిందటిదాకా ఆమె ఒడి దిగేది కాదు. ఇప్పుడు తలుపు చప్పుడైతే చాలు, వణికిపోతోంది.

“దీన్ని గోనెసంచిల కట్టి సాగర్ కాలువల పడేస్త,” అన్నాడు ఆమె కొడుకు శశిధర్.

“కంచం ఇసిరింది నువ్వు. దాన్నెందుకంటవ్ బిడ్డా?” కొంగు చేతికి చుట్టుకుంటూ అంది ఈశ్వరమ్మ.

శశిధర్ కంచం విసరడానికి కారణం అతని వకీలు ప్రభాకర్ చేసిన ఫోన్.

నిరుడు మఠంపల్లి రోడ్డు మీద లారీల లోడింగ్ దగ్గర రెండు గుంపులు కొట్టుకున్నాయి. గౌరయ్య అనే డ్రైవర్ చనిపోయాడు. హత్య కేసు శశిధర్ మీద పడింది. ఇప్పుడు బెయిలు మీద ఇంట్లో ఉన్నాడు. కోదాడలో అతడు చెయ్యి చేసుకోని వీధి లేదు మరి. ఆ రోజు తాను చేసింది వేరని ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. కన్నతల్లి కూడా తలూపిందిగానీ, కళ్లు దించుకుంది.

“సోమవారం సూర్యాపేట కోర్టుకు కొత్త సాక్షి వస్తున్నడు శశీ,” అన్నాడు ప్రభాకర్ ఫోన్లో. “కళ్లార చూసినోడంట. అనంతగిరి దిక్కోడు.”

“ఎవడు?”

“పేరు తెల్వదు. అవతలోళ్ల మనిషే అయ్యుంటడు. వాడు నోరు తెరిస్తే నువ్వు జైల్ల ముసలోడివైతవ్.”

మర్నాడు మధ్యాహ్నం హరిలాల్ వచ్చాడు. ఈశ్వరమ్మ పిలిపించిన మనిషి. ఊళ్లు తిరిగి పశువులకు సూదులేస్తాడు. టౌనోళ్లు పిల్లుల్ని పెంచడం మొదలుపెట్టాక వాటినీ చూస్తున్నాడు.

వచ్చినవాడు పిల్లిని పట్టబోలేదు. నేల మీద చతికిలబడి ఊరకే కూర్చున్నాడు. అరగంటకు తెల్లి తానే వచ్చి అతని మోకాలు వాసన చూసింది.

హరిలాల్ సంచిలోంచి సన్నని బూడిదరంగు బెల్టు తీశాడు.

“గిదేంది, తాయెత్తా?” అన్నాడు శశిధర్.

“కాదు సార్. మిర్యాలగూడ కెళ్లి తెచ్చిన. తల్లిపిల్లి పాలిచ్చేటప్పుడు దాని ఒంటికాడ ఒక వాసనుంటది. అసుంటి వాసననే మందు చేసి దీనికి పట్టిస్తరు. మనకు తెల్వదుగని, పిల్లికి తల్లి పక్కల పండుకున్నట్టే ఉంటది. భయం తగ్గుతది.”

రెండు వేళ్లు దూరేంత వదులు చూసుకొని బెల్టు పెట్టాడు.

“నెల దినాలు పనిచేస్తదమ్మా. కాని ఇంట్ల అరుపులు, కొట్లాటలుంటే ఏ బెల్టూ పనిచెయ్యదు.”

“అరిసేది నేననా నీ మాట?” శశిధర్ లేచాడు.

“భయమైతే మనిషైనా అరుస్తడు సార్.”

ఈశ్వరమ్మకు చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది. శశిధర్‌కు ఒళ్లు మండింది.

హరిలాల్ సంచి సర్దుకున్నాడు. వెళ్లకుండా గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

“సార్, జర ఒక్క మాట. గా మఠంపల్లి రోడ్డు ముచ్చట…”

“నీదే ఊరు?”

“అనంతగిరి కాడ తండా సార్. సోమవారం నేను కోర్టుకు…”

మొదటి దెబ్బ మూతి మీద పడింది. పన్ను ఊడి రక్తం చొక్కా మీదికి కారింది.

“పిల్లి పేరు చెప్పి నా ఇంటికే వస్తవారా? ఎవడు పంపిండు నిన్ను?”

“ఎవలు పంపలే సార్… జర ఇనుండ్రి…”

వినేవాడైతే అతడు శశిధర్ ఎందుకవుతాడు? హరిలాల్ చేతిలోని హెల్మెట్ లాక్కొని దానితోనే అతని నెత్తి మీద కొట్టాడు. కింద పడితే కడుపులో తన్నాడు. అడ్డం వచ్చిన తల్లిని ఒక్క తోపు తోశాడు. తెల్లి కర్టెన్ మీదికి ఎగబాకి, వేలాడుతూ ఒకటే అరుపు.

హరిలాల్‌ను జుట్టు పట్టి వరండాలోకి ఈడ్చి మెట్ల మీదికి నెట్టాడు. ఎనిమిది మెట్లు దొర్లి, హరిలాల్ తల గేటు రాయికి తగిలింది.

ఆ చప్పుడుకు శశిధర్ చెయ్యి ఆగింది. కోపమంతా దిగిపోయింది. పరుగున దిగి హరిలాల్‌ను ఎత్తి కారులో వేశాడు. వెనక సీట్లో తల ఒడిలో పెట్టుకొని కూర్చున్న ఈశ్వరమ్మ, సూర్యాపేట దాకా ఒకే మాట అంది.

“పిల్లిని పట్టబోయి జారి పడ్డడని చెప్పు.”

దవాఖానలో గంట తర్వాత డాక్టర్ బయటికొచ్చి తల అడ్డంగా ఊపాడు.

ఇక సోమవారం సాక్షి రాడు. ఆ మాట మనసులోకి రాగానే శశిధర్‌కు గుండె తేలికైంది. అలా తేలికైనందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

పొద్దు వాలుతుండగా హరిలాల్ భార్య నీలా వచ్చింది. కాళ్లకు చెప్పులు కూడా లేవు. గోడకు ఒరిగి ఏడ్చి ఏడ్చి, చివరికి రక్తంతో తడిసిన శశిధర్ చొక్కా వైపు చూసింది. ఈశ్వరమ్మ మొహం తిప్పుకుంది.

“మా ఆయనను మోసుకొచ్చింది మీరేనంట. శశిధర్ సార్ మీరే కదా?”

అతడు తలూపాడు.

నీలా రెండు చేతులూ జోడించింది.

“మీరు అసుంటోరేనని ఏడాది సంది చెప్తుండె సారూ. పోలీసులంటే భయపడి ఇన్నొద్దులు నోరు కట్టుకున్నడు. ఇగ నిద్ర పడ్తలేదు, ముందుగాల సారుకు ధైర్యం చెప్పొస్త అని పొద్దుగాలనే ఇల్లెల్లిండు. గా దినం అందరు కలిసి గౌరయ్యను కొడుతుంటే, నడుమ దూరి ఆయనను భుజాన ఏసుకొని ఉరికింది మీరొక్కరేనని, చూసింది తనొక్కడేనని, సోమవారం కోర్టుల గదే చెప్తనన్నడు సారూ.”