పడవవాడి లాంతరు

గురువారం ఉదయం పదింటికి, ఆస్ట్రేలియాలో టూవూంబా ఊళ్లోని ఒక యూనివర్సిటీలో, మెల్విన్ వ్యాసానికి సున్నా వచ్చింది. కారణం కింద ఒకే మాట రాసి ఉంది: కల్పన.

అది 2012. పాత బ్రిటిష్ పిల్లల టీవీ కార్యక్రమాల మీద రెండో ఏడాది విద్యార్థులు రాయాల్సిన వ్యాసం. మెల్విన్ ఎంచుకున్నది 'బ్రాంబుల్ ఫెర్రీ' అనే బొమ్మల కార్యక్రమం. చిన్నప్పుడు రోజూ పొద్దున్నే చూసేవాడు. అందులో ఒక ముసలి పడవవాడు ప్రతి ఎపిసోడ్ చివరా లాంతరు పట్టుకుని నీళ్లలోకి వంగి చూస్తాడు. వరదలో పోయిన కొడుకును వెతుకుతున్నాడనీ, పిల్లలకు చావు గురించి ఇంత సూటిగా చెప్పిన కార్యక్రమం మరొకటి లేదనీ మెల్విన్ రాశాడు.

మధ్యాహ్నం ట్యూటర్ డాల్టన్ గదిలో విచారణ. తోడుగా ఇంట్లోవాళ్లు రావచ్చన్నారు. తండ్రి ఎలియాజర్, నాయనమ్మ అమృతం వచ్చారు. కల్పన అని ఖాయమైతే మెల్విన్ స్కాలర్‌షిప్ పోతుంది.

"ఆ కార్యక్రమంలో కొడుకే లేడు," అంది డాల్టన్. "పడవవాడు తన టోపీ కోసం వెతుకుతాడు. అది హాస్యం."

"టోపీయా! టోపీ కోసం ఎవరైనా ఏడుస్తారా?" అన్నాడు మెల్విన్.

"ఆ బొమ్మ ఏడవదు. దాని కళ్లు గుండీలు."

మెల్విన్ లేచి నిలబడ్డాడు. "నన్ను లయర్ అంటోంది డాడీ! ఎవ్రీ ఎపిసోడ్ చూశా నేను!"

"అరవకు. కూర్చో."

"ఎందుకు అరవకూడదు? నాయనమ్మా, యూ టెల్ హర్. మనిద్దరం కలిసేగా చూసింది!"

సంగతేమిటని అమృతం కొడుకును అడిగింది. ఎలియాజర్ చెప్పాడు.

"టోపీ అంటందా?" ఆమె డాల్టన్ వైపు వేలు చూపించింది. "ఏం మనిషిరా ఈవిడ! కొడుకు కోసం కాకపోతే ఎవరైనా అట్టా ఎతుకుతారా? మా పిల్లోడు చెప్పిందే నిజమని చెప్పు."

ఎలియాజర్ చెప్పలేదు. కిటికీ వైపు చూశాడు.

డాల్టన్ కంప్యూటర్‌లో ఒక ఎపిసోడ్ పెట్టింది. పడవ ఒడ్డు చేరింది. ముసలివాడు లాంతరు ఎత్తి వంగాడు.

"సీ! అదే లాంతరు!" అన్నాడు మెల్విన్.

డాల్టన్ సౌండ్ పెంచింది. "నా టోపీ ఎక్కడికి పోయిందబ్బా?" అని ఇంగ్లీషులో ఒక మగగొంతు అడిగింది. పిల్లలు నవ్వారు.

"ఇది కాదు! వాయిస్ మార్చేశారు!"

"మొదటినుంచీ ఇదే గొంతు."

"నో! ఆ గొంతు నాకు తెలుసు!"

ఎలియాజర్ తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, అప్పుడు సౌండ్ పెట్టేదానివా?"

"సౌండెక్కడిదిరా! కోడలు హెలెనా నైట్ డ్యూటీ చేసొచ్చి పక్క గదిలో పడుకునేది కదా. అయినా ఆ ఇంగిలీషు నాకేం తెలుసు? బొమ్మ చూపించి కథ నేనే చెప్పేదాన్ని."

మెల్విన్ కూర్చున్నాడు. ఎలియాజర్ ఆ మాటలు ఇంగ్లీషులో చెప్పాడు.

"చిన్నపిల్లవాడికి అలాంటి కథ ఎందుకు చెప్పింది?" డాల్టన్ అడిగింది.

ఎలియాజర్ ఆ ప్రశ్నను తల్లికి చెప్పలేదు. తనే జవాబిచ్చాడు. డాల్టన్ పెన్ను తీసి 'కల్పన' అన్న మాట కొట్టేసింది.

1977 దివిసీమ ఉప్పెనలో ఎలియాజర్ వాళ్లన్న కొట్టుకుపోయాడు. మళ్లీ దొరకలేదు.