ఇల్లు చూడ్డానికి వచ్చినాయన

"ఆ గోడకి ఆనుకోకండి బాబుగారూ! మీద పడుతుంది!"

టైలరమ్మ కేకకి వచ్చినాయన ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేశాడు. గోడ మాత్రం ఉన్నచోటే ఉంది.

"ఇల్లు చూడ్డానికి మనిషొస్తాడని ఇంటి యజమాని చెప్పే ఉంటారు" అన్నాడాయన, చేతికంటిన సున్నం దులుపుకుంటూ.

"చెప్పారు, చెప్పారు. చూపించమన్నారు. ఉన్నది దాచమని మాత్రం అనలేదు. మొహమాటం లేకుండా చెప్పేస్తాను, ఏమీ అనుకోకండి."

పైకి ధైర్యంగానే అంది కానీ, లోపల ఆమె గుండె మిషను సూదిలా కొట్టుకుంటోంది. ఈ వారంలో ఇతను నాలుగోవాడు. పెద్ద పెద్ద గదులు ఆరు, వెనక విశాలమైన పెరడు. ఇంటాయన అమ్ముతానంటున్న ధరకి ఊళ్లో అగ్గిపెట్టెలాంటి ఫ్లాటు కూడా రాదు. ఎవరో ఒకరు ఎగరేసుకుపోవడం ఖాయం. కొన్నవాళ్లు ముందు చేసే పని తమని బయటికి పంపడమే. మంచం దిగలేని అత్తగారు, ఇద్దరు పిల్లలు, భర్త పోయి వీళ్ల పంచన చేరిన ఆడపడుచు, హాలు నిండా కుట్టుమిషన్లు. ఇంతమందికి ఈ అద్దెలో ఇంకో గుమ్మం ఎక్కడిది? తిరిగి తిరిగి చెప్పులరిగాయి. "ఎంతమంది ఉంటారు?" అని అడిగి, ఆమె వేళ్లు మడవడం పూర్తయ్యేలోగా తలుపేసుకున్నవాళ్లే అందరూ.

అంతకు ముందొచ్చిన ముగ్గురినీ నోటితోనే తరిమేసింది. ఈయన కదిలే రకంలా లేడు. గోడమీద వేలి కణుపులతో టకటకా కొట్టి, చెవి ఆనించి విన్నాడు.

"గట్టిగానే ఉందమ్మా! మూరెడు మందం గోడ. ఈ రోజుల్లో ఎవరు కడుతున్నారు ఇలా? ఇంత ఇంటికి ఇంటాయన ఆ ధర పెట్టారంటే ఏమిటో అనుకున్నాను."

టైలరమ్మ గొంతు తగ్గించింది. "పైకి మేడిపండు బాబూ. లోపలంతా చెదలు. కరకరా నములుతుంటే మా అత్తగారికి కునుకు పట్టదు."

"వినబడేంతగా నములుతాయా?"

"ఆవిడకి చెవుడు కూడానండీ. అయినా వినబడుతోందంటే చూసుకోండి!"

ఆయన నోటుపుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. రాసుకుంటున్నాడంటే నమ్ముతున్నట్టే. ఆమెకి కాస్త ఊపిరాడింది.

వంటింట్లోకి వెళ్లారు. "కప్పు కారుతుందా?" అని ఆయన తలెత్తాడో లేదో, అటకమీద నక్కి కూర్చున్న ఆడపడుచు చెంబెడు నీళ్లు వంచింది. ధార సరిగ్గా ఆయన బట్టతల మీద పడింది.

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. ఎండ ఫెళ్లున కాస్తోంది.

"వాన లేదే!"

"ఇది పోయినేడాది వానండీ. కప్పు తాగి దాచుకుంది. ఇప్పుడు కక్కుతోంది."

ఆయన తల తుడుచుకుని అదీ రాసుకున్నాడు. అక్కడితో పోతాడనుకుంది. పోలేదు. నడవాలో ఆగి పైకి చూస్తూ నిలబడిపోయాడు.

"అసలు సిసలు టేకు దూలాలు. ఎంత ఎత్తు కప్పు, ఎంత గాలి! ఇలాంటి ఇంటిని చేజేతులా పోగొట్టుకోవడం పాపమమ్మా."

ఆ చూపు టైలరమ్మకి తెలుసు. బేరం ఆడకుండా గుడ్డ కొనేసేవాళ్ల చూపు అది. ఇంకేం చెప్పాలి? ఏం చెబితే పోతాడు? ఆలోచించే వ్యవధి లేదు. ఆయన చెయ్యి పట్టుకున్నంత పని చేసి అత్తగారి గదిలోకి తీసుకెళ్లింది.

"ఈవిడ ఎందుకు మంచాన పడిందనుకున్నారు? పడుకుని ఉంటే కప్పు పెచ్చు ఊడి నడుం మీద పడింది. అప్పటినుంచీ లేచింది లేదు."

నిజానికి ఆవిడ స్నానాలగదిలో జారిపడింది. కోడలి కళ్లలో నీళ్లు చూసి, ఏం విన్నదో ఏం వినలేదో, ఆవిడ "అమ్మా!" అని మూలిగింది.

ఆయన మొహం పాలిపోయింది. "కప్పు ఊడి మనిషి మీద పడిందా? నిజంగానా?"

"నా పిల్లల మీద ఒట్టు."

ఆ మాట నోరు దాటాక ఆమెకి ఒళ్లు జలదరించింది. అయినా ఆగలేదు. "తూర్పువైపు పునాది కూడా కుంగుతోంది బాబూ. ఎవరికీ చెప్పొద్దని ఇంటాయన మాట తీసుకున్నాడు. మీ మొహం చూస్తే చెప్పకుండా ఉండలేకపోయాను."

ఆయన ఈసారి చాలాసేపు రాశాడు. రాసింది పైకి చదివి, "అంతేనా? పొల్లు పోలేదుగా?" అని అడిగాడు.

"అక్షరం పొల్లు పోలేదు."

నోటుపుస్తకం మూసి గుమ్మం దాకా నడిచాడు. అక్కడ ఆగి, బరువుగా అన్నాడు: "గోడలు చూసి మోసపోయేవాణ్ణి. మీరు నిజం చెప్పారు కాబట్టి సరిపోయింది."

టైలరమ్మకి పోయిన ప్రాణం లేచొచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుంటూ, "అయితే ఇల్లు కొనరన్నమాట!" అంది.

"కొనడమేమిటమ్మా? నేను మునిసిపాలిటీ ఇంజనీర్ని. కూలగొట్టే ఇళ్ల జాబితాలోంచి దీన్ని తీసేద్దామని వచ్చాను. మీ పుణ్యమా అని ఇంతమంది ప్రాణాలు దక్కాయి, ఎల్లుండికల్లా ఖాళీ చేసేయండి!"