వారం రోజుల మిషన్

"అక్కా, ఒక్కసారి పడుకో. ఇది కొంటానో, తిరిగిచ్చేస్తానో సాయంత్రంలోగా చెప్పాలి," అన్నాడు మా తమ్ముడు.

వాడు ఆసుపత్రి ఎమర్జెన్సీలో డాక్టరు. అరచేతిలో ఇమిడే స్కానింగ్ మిషన్‌ను వారం రోజులు వాడి చూడమని కంపెనీవాళ్లు ఇచ్చారు. స్కానింగ్ బొమ్మ మన ఫోన్‌లోనే కనిపిస్తుంది. రోగిని స్కానింగ్ గదికి తోసుకెళ్లే పని లేకుండా మంచం దగ్గరే చూసెయ్యొచ్చట.

చదువుతున్న ప్రార్థన పుస్తకం మూసి, సోఫాలో పడుకున్నాను. వాడు నా పొట్ట మీద చల్లటి జెల్ రాశాడు.

"పొద్దున ఏం తిన్నావో కూడా చెప్పేస్తా చూడు."

"దానికి డాక్టరు చదువెందుకురా, నన్నడిగితే చెప్పనూ?"

వాడు నవ్వుతూనే మిషన్‌ను కుడివైపు పక్కటెముకల కిందికి జరిపాడు. అక్కడ చెయ్యి ఆగింది. నవ్వూ ఆగింది. ఫోన్‌ను నాకు కనబడకుండా తిప్పుకున్నాడు.

కాసేపటికి జెల్ తుడవడం మొదలుపెట్టాడు. అంతా పోయాక కూడా తుడుస్తూనే ఉన్నాడు.

"లాభం లేదక్కా. దీంట్లో ఏదీ సరిగ్గా కనబడదు. తిరిగిచ్చేస్తా."

నేను లేచి, ప్రార్థన పుస్తకంలో మడిచి పెట్టుకున్న కాగితం తీసి వాడి చేతిలో పెట్టాను. నా కాలేయంలో గడ్డలున్నాయని రెండు నెలల కిందట వచ్చిన స్కానింగ్ రిపోర్టు అది. నోటితో చెప్పే ధైర్యం చాలకే, వాడు పడుకోమనగానే పడుకున్నాను.

"పెద్ద మిషన్ చెప్పిందే ఇదీ చెప్పింది కదరా," అన్నాను. "కొనుక్కో నాన్నా."